నాలుగు గంటల నీళ్లు

దబ్!

తలుపు అదురుతుంది. గొళ్లెం ఊగుతుంది... కానీ ఊడదు.

యేసేపు వీపు తలుపుకు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడి ఉన్నాడు. బయట మే నెల ఎండ మండిపోతోంది. లోపల మాత్రం చీకటి. ఊరి నీళ్ల ట్యాంకు కింద ఉండే వాల్వు గది అది. ఒకటే తలుపు. పక్కన అడుగు వెడల్పు కిటికీ. దానికి ఇనుప చువ్వలు.

దబ్!

"బయటికి రారా, ఇసం కలిపినోడా."

ఒక గొంతు కాదు, వంద. ఆదోని సగం ఇక్కడే ఉన్నట్టుంది.

అతను విషం కలపలేదు. కలిపింది బ్లీచింగ్ పౌడర్. కంపెనీ స్టోరు తాళం పగలగొట్టి, ఆరు డబ్బాలు మోసుకొచ్చి, నిచ్చెనెక్కి ట్యాంకులో పోశాడు. ఆరో డబ్బా సగం పోసేసరికి కింద ఎవరో చూసి కేక వేశారు. తెల్ల పొడి... నీళ్ల ట్యాంకు... తాళం పగలగొట్టిన మనిషి. ఇంకేం కావాలి? మిగిలిన సగం డబ్బా చంకన పెట్టుకుని దూకినంత పని చేసి, ఈ గదిలోకి వచ్చి పడ్డాడు.

పైగా రెండు రోజులుగా ఊళ్లో ఒకటే మాట. నీళ్లలో ఎవడో విషం కలుపుతున్నాడట!

ఆ మాట పుట్టించింది శేషప్ప. ఊరికి నీళ్లిచ్చే కంపెనీకి మేనేజరు. తొమ్మిది రోజుల్లో పద్నాలుగు మంది వాంతులు, విరేచనాలతో పోయారు. జనం కంపెనీ వైపు చూడకముందే వాళ్ల చూపు ఇంకోవైపు తిప్పాలి. తిప్పాడు. మహా గడుసు మనిషి.

యేసేపు అదే కంపెనీలో ఫిట్టరు. పదకొండేళ్ల నౌకరి. సాయంత్రం నాలుగింటికి జిన్నింగ్ మిల్లు కూత వేస్తుంది. యేసేపు ఈ గదిలో పెద్ద చక్రం తిప్పుతాడు. ఊరంతా కొళాయిలు పారతాయి. పక్కన చిన్న చక్రం ఒకటుంది. అది తిప్పితే ట్యాంకు నీళ్లు మొత్తం గోడ వెనక వాగులోకి, ఊరివాళ్లు వంక అనేదాంట్లోకి, పోతాయి.

ఇప్పుడు గొడవంతా ఆ రెండు చక్రాల గురించే.

చెరువు అడుగంటింది. పశువులు దిగే బురద నీళ్లనే పంపు లాగుతోంది. అందులో పటిక వేస్తారు. నీళ్లు తేరుకుని తళతళలాడతాయి. జనం కళ్లతో చూసి నమ్ముతారు. కానీ కలరా పురుగు కళ్లకు కనబడదే! దాన్ని చంపేది పౌడరు. పోయడం మానేసి ఏడాది దాటింది. వాసనొస్తోందని జనం సణిగారు, కంపెనీకి అదే సాకైంది. ఇన్‌స్పెక్టరుకు చూపించడానికి డబ్బాలు మాత్రం స్టోర్లో వరసగా పేర్చి పెట్టారు. వాసన పోయింది కదా... నీళ్లు ఎంత బాగున్నాయో అని ఊరంతా మెచ్చుకుంది. ఏం చెప్పాలి ఈ జనానికి?

యేసేపు కూడా మెచ్చుకున్నాడు. అదే ఇప్పుడు అతని గుండెను కోస్తోంది. "బావి నీళ్లొద్దు, మా కంపెనీ నీళ్లే తాగు" అని భార్యకు చెప్పింది అతనే.

మేరి నిన్నటి నుంచి ఆస్పత్రి కలరా షెడ్డులో ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి. పొద్దున నోరు తెరిచి "నీళ్లు" అంది. ఏ నీళ్లివ్వాలో తెలియక యేసేపు ఆమె మంచం పక్కన అలాగే నిలబడిపోయాడు. అక్కడి డాక్టరే చెప్పాడు. పౌడరు పోసి అరగంట కదలకుండా ఉంచితే చాలు, పురుగు చస్తుందని.

అరగంట.

చేతి గడియారం చూసుకుంటాడు. మూడూ ముప్పై. పోసి పది నిమిషాలే అయింది.

దబ్! దబ్!

"ఆగండప్పా, ఆగండి."

శేషప్ప గొంతు. దెబ్బలు ఆగిపోతాయి. కిటికీ దగ్గరికి తెల్ల చొక్కా వస్తుంది. వెనకాల వాచ్‌మన్ మద్దిలేటి. చేతిలో కంపెనీ తుపాకి. యేసేపూ, అతనూ పదకొండేళ్లు ఒకే చెట్టు కింద సద్ది తిన్నారు. ఇప్పుడతను తలెత్తి చూడడం లేదు.

"యేసేపూ, ఆ సిన్న చక్రం తిప్పు. ట్యాంకు ఖాళీ చెయ్. జనం శాంతపడతారు. నిన్ను నేను కాపాడుకుంటా."

"మళ్లా ఏం నీళ్లు నింపుతారు సార్?"

"చెరువు నీళ్లే. ఇంకేముంటాయి?"

"అరగంట ఆగండి సార్. మందు పని చెయ్యల్ల."

శేషప్ప చువ్వలకు మొహం ఆనిస్తాడు. గొంతు తగ్గిస్తాడు.

"డబ్బాలు యాడ పెట్టినావు?"

యేసేపుకు ఒళ్లు మండుతుంది. ఊరు చస్తుంటే ఈయనకు డబ్బాల లెక్క!

"పద్నాలుగు మంది పోయినారు సార్. నా పెండ్లాం షెడ్డులో ఉండాది."

"వచ్చే నెల ఎమ్మిగనూరులో కొళాయిలు మనమే వెయ్యాల. ఈ గోల ఆడికి పాకితే కంపెనీ మునుగుతాది. నీ మాదిరి వాళ్ల కూడు కూడా మునుగుతాది. తలుపు తియ్."

"తియ్యను సార్."

శేషప్ప వెనక్కి తిరుగుతాడు. గొంతు మళ్లీ పెద్దదవుతుంది. "ఒప్పుకుంటాండ్లేదప్పా. మీ ఇష్టం."

మీ ఇష్టం... అంటే చంపుకోండని.

ఎవరో దూలం పట్టుకొచ్చారు.

ధన్!

పై గొళ్లెం మేకు ఊడి యేసేపు కాలి దగ్గర పడుతుంది. ఇంక కింది గొళ్లెం ఒక్కటే ఉంది. మూడూ ముప్పై ఏడు.

ధన్!

గోడ సున్నం పెచ్చులు తల మీద రాలతాయి. పారిపోవడానికి దారి లేదు. పైకి పోతే ట్యాంకు. బయటికి పోతే జనం. నిజంగా బోనులో ఎలుక బతుకు.

"జరుగండ్రా. నేను మాట్లాడల్ల."

ముసలి గొంతు. దూలం ఆగుతుంది. కిటికీలో నెరిసిన తల. హుసేనమ్మ. ఆమె మనవడు సోమవారం పోయాడు. ఆమె ఇంకా అదే చీరలో ఉంది.

"యేసేపూ. నా పిల్లోన్ని నువ్వు సంపినావా?"

"లేదవ్వా. కలరా సంపింది. ఈ నీళ్లల్లోనే ఉండాది. నేను మందు పోసినా, అంతే."

"ఈళ్లంతా ఇసం అంటాండారే."

"నా మేరి షెడ్డులో ఉండాదవ్వా. నేను ఇసం కలుపుతానా?"

హుసేనమ్మ చువ్వలు పట్టుకుని అతని మొహంలోకి చూస్తుంది. కంట్లో నీళ్లు లేవు. అవి ఎప్పుడో అయిపోయాయి.

"అట్లయితే నువ్వు తాగు. నా ముందర."

గోడకు చిన్న కొళాయి ఉంది, ట్యాంకు నీళ్లు చూసుకోవడానికి. యేసేపు గడియారం చూస్తాడు. మూడూ నలభై రెండు. అరగంట కాలేదు. పురుగు చచ్చిందో లేదో! అయినా తప్పదు.

తగరపు చెంబు నింపుతాడు. గడగడా తాగేస్తాడు.

బయట జనం కిటికీ వైపు తోసుకుంటారు.

అతను పడిపోలేదు. నురగ కక్కలేదు. మూతి తుడుచుకుంటాడు.

"నాకూ ఇయ్యి."

"ఇంకొంచేపు ఆగవ్వా. అరగంట కానీ."

ఆగింది. దూలం పట్టుకున్న వాళ్లకు అడ్డంగా తలుపుకు ఆనుకుని, ఒక్కతే, ఆ ఎండలో. "ముసలమ్మను లాగండి" అని శేషప్ప అన్నాడు. ఎవరూ లాగలేదు. మనవణ్ణి పోగొట్టుకున్న మనిషిని ఎవరు ముట్టుకుంటారు?

మూడూ యాభై. యేసేపు చెంబు నింపి చువ్వల సందులోంచి ఇస్తాడు. హుసేనమ్మ తాగుతుంది. చప్పరిస్తుంది. మళ్లీ తాగుతుంది.

ఆమె మొహం విచ్చుకుంటుంది.

"ఇసం కాదప్పా. ఇది సున్నపు తేట మాదిరి ఉండాది. పిల్లోళ్లకు కడుపునొప్పికి తాపుతాం సూడు, అదే."

గుంపులో ఒకరు నవ్వుతారు. తర్వాత ఇంకొకరు. సున్నపు తేట తెలియని ఇల్లు ఉందా? ప్రతి తల్లీ ఉగ్గుగిన్నెతో పట్టిందే. దూలం కింద పడుతుంది. రాయి పట్టుకున్నవాడు దాన్ని పారేసి చేతులు దులుపుకుంటాడు.

మిల్లు కూత.

నాలుగు!

యేసేపు పెద్ద చక్రం మీద పడి తిప్పుతాడు. ఒకటి, రెండు, మూడు... గొట్టాలు గుర్రుమంటాయి. ట్యాంకు ముందు ఎనిమిది కొళాయిలు ఒక్కసారి పారతాయి. బిందెలు గల్లుమంటాయి. ఊరు బతికింది. అతనికి ఏడుపొస్తుంది, ఏడుస్తాడు కూడా.

ఏడుస్తూనే ఆగిపోతాడు.

సున్నపు తేట?

బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు ముక్కు బద్దలయ్యే వాసన రావాలి. డబ్బాలు మూత తీసినప్పుడు వచ్చింది. కళ్లమ్మట నీళ్లు కారాయి. మరి చెంబులో ఎందుకు లేదు? తాగేటప్పుడు భయంలో నాలుక పని చెయ్యలేదు. ఇప్పుడు చేస్తోంది.

సగం డబ్బా మూల పడి ఉంది. ఒక్క ఉదుటున పోయి చెయ్యి పెడతాడు. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు.

వాసన లేదు.

నాలుకకు తాకిస్తాడు. రోజూ ఆకు వక్కలో వేసుకునేదే. సున్నం!

పైన రెండు వేళ్ల మందం పౌడరు. ఇన్‌స్పెక్టరు మూత తీసి వాసన చూసే మేరకు. కింద అంతా సున్నం. ఆరు డబ్బాలూ అంతే!

ట్యాంకులో పురుగు చావలేదు. అది ఇప్పుడే ఊళ్లోకి పోతోంది. తన చేత్తోనే వదిలాడు. తను తాగాడు. హుసేనమ్మ తాగింది.



కిటికీలో తెల్ల చొక్కా. శేషప్ప నవ్వుతున్నాడు.

"తెలిసిందా? అరవకు. నిన్ను భుజాల మీద మోస్తారు ఇప్పుడు. మేరిని కంపెనీ కార్లో కర్నూలుకు పంపిస్తా. ఇప్పుడది ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, పెద్ద డాక్టర్లు ఉంటారు. బతుకుతాది. ఆ డబ్బా ఇట్లా ఇచ్చెయ్."

మేరి బతుకుతుంది!

ఒక్క క్షణం... నిజం చెప్పుకోవాలి, ఒక్క క్షణం యేసేపు చెయ్యి డబ్బా వైపు కదిలింది. చువ్వల అవతల ఒక తల్లి దోసిట్లో నీళ్లు పట్టి బిడ్డ నోటికి అందించబోతోంది.

"తాగొద్దు!"

యేసేపు చువ్వలు పట్టుకుని అరుస్తాడు. "తాగొద్దండప్పా. అది మందు కాదు, సున్నం. పురుగు సావలేదు."

తల్లి చెయ్యి ఆగింది. ఆమె హుసేనమ్మ వైపు చూసింది. హుసేనమ్మ నవ్వింది.

"సున్నమే కదా నాయనా. నేను సెప్పినా కదా. మంచిదేలే."

అందరూ నవ్వారు.

యేసేపు మళ్లీ చెప్పాడు. డబ్బా వంచి చూపించాడు. డాక్టరు చెప్పిన మాట చెప్పాడు. "భయపడినాడు పాపం" అని ఎవరో జాలిపడ్డారు. శేషప్ప తల ఊపాడు. "పొద్దన్నుంచి ఏమీ తినలేదప్పా, మతి సెదిరింది. మీరు పట్టుకోండి నీళ్లు."

అరగంటపాటు ప్రాణం పెట్టి సంపాదించిన నమ్మకం. ఇప్పుడది వదలమన్నా వదలదు.

దోసిలి మళ్లీ లేచింది.

చక్రం కట్టేసినా, ఇప్పటికే గొట్టాల్లోకి, బిందెల్లోకి పోయిన నీళ్లు తాగేస్తారు. ఒక్కటే మాట ఉంది. వాళ్లు నమ్మే మాట.

"పాషాణం కలిపినా."

నవ్వులు ఆగలేదు.

"ఎలకల పాషాణం! నేనే కలిపినా. మొన్న కలిపింది నేనే. ఈ పొద్దూ కలిపినా. ఎవురికీ తెలియకూడదని పైన సున్నం సల్లినా."

దోసిలి విడిపోయింది. నీళ్లు మట్టిలో పడ్డాయి.

"నువ్వు తాగినావు కదరా." గుంపులోంచి ఎవరిదో గొంతు.

"మింగలేదు. పుక్కిట పట్టి మూల ఉమ్మేసినా." ఇంత తొందరగా అబద్ధం వస్తుందని అతనికే తెలియదు. "ముసలమ్మ మింగింది. ఆమెను ఇప్పుడే ఆస్పత్రికి ఎత్తుకుపోండి. నీళ్లు ఎక్కించమని సెప్పండి. ఇప్పుడే!"

హుసేనమ్మ అతన్ని చూస్తోంది. ఆ చూపుకంటే దూలం దెబ్బ నయం.

"నా పిల్లోన్ని..." అంది.

"అవును" అన్నాడు యేసేపు.

ఇద్దరు ఆమెను ఎత్తుకుని పరుగెత్తారు. కుర్రాళ్లు వీధుల్లోకి పరుగెత్తారు. పాషాణం... పాషాణం! ఆ మాట గొట్టాల్లో నీళ్లకంటే ముందు పోతోంది.

ధన్!

దూలం మళ్లీ లేచింది. యేసేపు పెద్ద చక్రం వెనక్కి తిప్పి కట్టేసి, చిన్న చక్రం మీద పడ్డాడు. ఏడాదిగా తిప్పలేదు, తుప్పు పట్టింది. అరచేతులు చీలాయి. కదిలింది. ఒక చుట్టు... రెండు... గోడ అవతల వంకలోకి నీళ్లు దూకిన చప్పుడు.

"మద్దిలేటీ." శేషప్ప గొంతు. అందులో ఇప్పుడు నవ్వు లేదు. "వాని దగ్గర డబ్బా ఉండాది. జనం సేతికి పోకూడదు. కాల్చు."

"సార్, వాడు మన యేసేపు సార్..."

"ఒప్పుకున్నాడు కదా. కాల్చు."

ధన్!

చివరి గొళ్లెం వంగింది. యేసేపు మూడో చుట్టు తిప్పాడు. నాలుగు. ఐదు. చువ్వల మధ్యలోంచి తుపాకి గొట్టం లోపలికి వచ్చింది. దాని వెనక మద్దిలేటి మొహం, చెమటలో తడిసి.

"అబద్ధం కదన్నా?" మద్దిలేటి గుసగుసగా అడిగాడు. "సెప్పన్నా. ఒక్క మాట సెప్పు, ఈ జనానికి నేను సెప్తా."

యేసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎనిమిది కొళాయిల కింద బిందెలన్నీ బోర్లా పడి ఉన్నాయి. ఒక్కటీ నిలువుగా లేదు. ఆ తల్లి కొంగుతో బిడ్డ మూతి తుడుస్తోంది, గట్టిగా, మళ్లీ మళ్లీ.

"నిజమే మద్దిలేటీ" అన్నాడు యేసేపు. చక్రం తిప్పుతూనే ఉన్నాడు.

తుపాకి పేలింది.