జెట్టీ కింద తట్టేవాడు

దయ్యం ఉందని తెలిసీ, గది అద్దె మిగులుతుంది కదా అని దాని నెత్తినే పక్కేసుకునేవాళ్లు మీలో ఎంతమంది?

ఈ అక్కాచెల్లెళ్లు వేసుకున్నారు. విన్నది విన్నట్టు చెబుతాను.

మూడు వారాల సెలవు, రెండు బ్యాగులు, సరుకుల పడవల మీద దీవి నుంచి దీవికి ప్రయాణం. అక్క బడిలో సైన్సు టీచరు, దయ్యమంటే నవ్వే మనిషి. చెల్లి పడవలో రెండు రోజులు వాంతులు చేసుకుని, గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది.

చిట్టచివరి దీవిలో లాడ్జి ఒక్కటే. అద్దె వినగానే అక్క మొహం మాడిపోయింది.

"తెల్లవారుజామున నాలుగింటికే పడవ. కాస్త నిద్రకి ఇంత పొయ్యాలా? పడవలు ఆగే చెక్కల జెట్టీ మీద రేకుల షెడ్డుంది, పదవే."

ఆ షెడ్డు సంగతి టీకొట్టు పిన్ని చెప్పనే చెప్పింది. ఎప్పుడో ఒక కళాసీ, పడవల్లోకి మూటలు మోసేవాడు, రాత్రిపూట అక్కడ నీళ్లలో పడి పోయాడు. అప్పట్నుంచీ చెక్కల కింద తడుతున్నాడు.

"మూడుసార్లు తట్టి ఆగుతాడమ్మా. పలక్కండి. కిందికి తొంగి చూశారో... తీసుకుపోతాడు."

"అద్దె అయితే అడగడు కదా పిన్నీ?" అంది అక్క. చెల్లి నవ్వబోయి దగ్గింది.

దీవంతా దీపాలార్పింది. పోటు మొదలై జెట్టీ కింద నీళ్లు గుడగుడలాడుతున్నాయి. బ్యాగులు పక్కలోనే పెట్టుకుని ఇద్దరూ షెడ్డులో పడుకున్నారు. అక్కకి కునుకు పట్టింది.

టక్... టక్... టక్.

కళ్లు తెరిచింది. అలలేమో అనుకుంది — కానీ మూడు కొట్టి ఆగడం అలలకి తెలీదే. కొట్టుకొచ్చిన దుంగేమో అనుకుంది —

టక్... టక్... టక్.

సరిగ్గా తన వెన్ను కిందే. చెక్కలోంచి ఎముకలోకి పాకింది చప్పుడు. పిల్లలకి చెప్పిన సైన్సులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

పక్కన దుప్పటి కింద చెల్లి కదలకుండా ఉంది.

"లేవకే..." అని గుసగుసలాడి, తన దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది.

అప్పుడు... కిందనుంచి, గాలి లాంటి గొంతు.

"అ...క్కా..."

అచ్చం చెల్లి పిలిచినట్టే. మనవాళ్ల గొంతుతోనే పిలుస్తాయంటారు కదా... పళ్లు బిగించింది. మళ్లీ చప్పుడు. మళ్లీ ఆ పిలుపు, ఈసారి ఇంకా సన్నగా. భయం పట్టలేక చెల్లిని హత్తుకోబోయింది.

చేతికి జిప్పు తగిలింది.

దుప్పటి కింద ఉన్నది — బ్యాగు.

జెట్టీ అంచుకి ఎలా పరిగెత్తిందో తెలీదు. బోర్లా పడుకుని ఫోను లైటు కిందికి వేసింది. స్తంభాన్ని కావలించుకుని చెల్లి! నీళ్లు గడ్డం దాకా వచ్చేశాయి. నోరు కడుక్కుందామని మెట్లు దిగి, పాచి మీద జారిందట. పడవలు కట్టే తాడు వేసి, చేతులు చీరుకుపోయేలా లాగింది అక్క.

ఇద్దరూ చెక్కల మీద కూలబడ్డారు.

"అంతసేపు తడుతుంటే... వింటూ పడుకున్నానే, పాపిష్టిదాన్ని."

చెల్లి వణుకుతూ అక్క మొహంలోకి చూసింది.

"నేనెక్కడ తట్టానక్కా... రెండు చేతులూ స్తంభానికే. వదిలితే పోయేదాన్ని. పిలిచానంతే."

అక్క కింది నీళ్లకేసి చూసింది. చప్పుడు ఆగిపోయింది.

పడవెక్కే ముందు పిన్నిని నిలదీసింది. కళాసీ పడిన రాత్రి షెడ్డులో పదిమంది ఉన్నారట. నీళ్లలోంచి వాడు తట్టడం అందరూ విన్నారట. ఎవరికి వాళ్లు ముసుగుతన్ని పడుకున్నారట... తెల్లారేదాకా.

మీ పక్క కింద చప్పుడైతే, నా మాట వినండి. ముందు పక్కనున్నవాళ్లని తడిమి చూడండి. తర్వాత లైటు పట్టుకుని వంగండి. ఎవరని గట్టిగా అడగండి.