స్టేషన్‌దాకా నడక

పుణెలోని పెండ్సేల ఇంట్లో ఉదయం ఏడింటికే అటుకుల పోహా తాలింపు వాసన గుమ్మం దాటింది. దిగంబర్ పెండ్సే చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒక అర్జీ చదువుకుంటున్నాడు. లోకల్ రైలు స్టేషన్‌కి వెళ్లే రోడ్డులో ముప్ఫై ఏళ్లుగా ఆయనకు వడాపావ్ దుకాణం ఉంది. ఆ రోడ్డులో ఒక పక్క కార్లు నిలపడం మాన్పించి, కాలిబాట వెడల్పు చేసి, సైకిళ్లకు విడిగా దారి వేస్తామని కార్పొరేషన్ ప్రకటించింది. వద్దంటూ వ్యాపారుల తరఫున అర్జీ రాసింది ఆయనే. శనివారం వార్డు ఆఫీసులో సభ.

కూతురు వైజయంతి హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చింది. చించ్‌వడ్‌లో బడి టీచరు. రోజూ స్టేషన్‌దాకా సైకిల్, అక్కణ్నుంచి రైలు.

"బాబా, నేను ఆ దారి కావాలనేవాళ్ల కాగితం మీద సంతకం పెట్టాను. శనివారం మాట్లాడతాను కూడా."

"అంటే నా దుకాణం మూయిస్తావా? బండి ఆపే చోటు లేకపోతే తినేవాడు ఎక్కడాగుతాడు?"

"తినేవాళ్లలో సగం మంది రైలు దిగి నడిచొచ్చేవాళ్లే."

"గిరాకీ గురించి నాకు చెప్పేంతదానివయ్యావా, వైజూ!"

"గిరాకీ సంగతి కాదు బాబా. మొన్న వానల్లో ఒక బస్సు నన్ను గోడకేసి నొక్కేసేదే. చెబితే సైకిల్ మాన్పిస్తారని చెప్పలేదు."

"మాన్పించక హారతి పడతానా? స్కూటర్ కొనిపెడతానంటే వినవు!"

వంటింట్లో పొయ్యి ఆరిన చప్పుడైంది. తండ్రీకూతుళ్ల మధ్యకు ఎప్పుడూ రాని తల్లి కుముదిని, గరిట పట్టుకునే బయటికొచ్చింది.

"దానిచేత సైకిల్ మాన్పిస్తారు. మరి నాచేత? నడక మాన్పిస్తారా?"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"తళేగావ్‌లో అక్కని చూసి రెండేళ్లయింది. మోకాళ్ల నొప్పులని మీ అందరికీ చెబుతున్నా. నా మోకాళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆ స్టేషన్ రోడ్డంటేనే భయం. పోయినసారి వెళ్తుంటే రిక్షా తగిలి పడ్డాను. అక్కకని చేసిన లడ్డూలు రోడ్డంతా దొర్లాయి. ఎవరో పిల్ల లేవదీస్తే ఇంటికొచ్చి చీర మార్చుకున్నాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?" దిగంబర్ గొంతు తగ్గింది.

"చెబితే ఏమంటారు? 'ఒక్కదానివీ ఎందుకెళ్లావు' అంటారు. అంతేగా!"

ఆయన పోహా ముట్టకుండానే స్కూటర్ తీసుకుని వెళ్లిపోయాడు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం వదిన ఫోన్‌లో "ఇంకెప్పుడొస్తావే?" అని అడగడం, భార్య ఏదో ఒకటి చెప్పి నవ్వేయడం ఆయన వింటూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "పద, మీ అక్క దగ్గరికి. నడిచే వెళ్దాం."

కుముదిని ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ స్కూటర్ మీద వెళ్లే దారి కాళ్లకింద వేరేలా ఉంది. కాలిబాట మీద ఒకచోట మోటార్‌సైకిళ్లు, ఒకచోట కరెంటు పెట్టె, ఒకచోట ఇసుక గుట్ట. అడ్డు వచ్చిన ప్రతిసారీ రోడ్డు మీదికి దిగాల్సి వచ్చింది. దిగిన ప్రతిసారీ ఆమె వేళ్లు ఆయన చేతిలో గుచ్చుకున్నాయి. వెనక హారన్ మోగితే ఆయన ఒళ్లూ జల్లుమంది.

ఒకచోట ఆమె ఆగింది. "ఇక్కడే పడ్డాను."

దిగంబర్ తలెత్తాడు. ఎదురుగా తన దుకాణం. వడలు వేయించే పొయ్యి, రెండు బెంచీలు, పేరు రాసిన బోర్డు కాలిబాటని గోడదాకా కప్పేశాయి. మనిషి పట్టే సందు కూడా లేదు.

"అప్పుడు నేను... లోపలే ఉన్నానా?"

"ఉన్నారు. అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నారు."

"పిలవొచ్చుగా, కుముదినీ!"

"మన పొయ్యిని తప్పించుకోబోయే రోడ్డు మీదికి దిగాను. ఆ మాట మీతో ఎలా అనను?"

రైల్లో ఆయన కిటికీ వైపు ముఖం తిప్పుకునే కూర్చున్నాడు. తళేగావ్‌లో అక్కాచెల్లెళ్లు గుమ్మంలోనే కావలించుకుని ఏడుస్తుంటే, వాకిట్లోనే ఉండిపోయాడు.

శనివారం సభలో వైజయంతి వంతు కన్నా ముందే ఆయన లేచాడు. "వ్యాపారుల సంతకాలు తెచ్చాను. నలుగురూ నమ్మి ఇచ్చినవి, అందుకని అందజేస్తున్నాను. నా సంతకం మాత్రం కొట్టేశాను."

"ఏం పెండ్సే, కూతురు మందు పెట్టిందా?" వెనకనుంచి ఎవరో నవ్వారు.

"లేదు. మా ఆవిడ నా దుకాణం ముందే పడింది. నేను చూడలేదు." కూర్చుండిపోయాడు.

వైజయంతి రాసుకొచ్చిన కాగితం మడిచేసింది. "కాలిబాట కావాలి, సైకిల్ దారీ కావాలి," అంది. "దుకాణాలకు సరుకు దింపుకోవడానికి పొద్దున రెండు గంటలు చోటూ కావాలి. అదీ రాసుకోండి." సరుకు సంగతి ఆమెకు ఆ క్షణందాకా తోచలేదు. తండ్రి ఆశ్చర్యంగా చూశాడు.

కార్పొరేషన్ ఏ సంగతీ ఇంకా తేల్చలేదు. ఆదివారం మాత్రం దిగంబర్ పొయ్యినీ బెంచీలనూ లోపలికి లాగించాడు. దుకాణం ఇరుకైంది, సెగకు చొక్కా తడిసి ముద్దయింది. పదింటికి కుముదిని అక్క దగ్గరికని సంచితో ఆ దారినే వచ్చింది, ఒక్కతే. దుకాణం ముందు ఖాళీ అయిన కాలిబాట బండల మీద నెమ్మదిగా నడిచి, రోడ్డు దాటాల్సిన చోట నిలబడింది.

ఆయన గబగబా బయటికొచ్చి, పిండి అంటిన చెయ్యి ఎత్తి రోడ్డు మధ్య నిలబడ్డాడు. ఒక బస్సు ఆగింది. దాని వెనక రిక్షాలు గోల పెట్టాయి.

"లోపలికెళ్లండి, గిరాకీ ఉంది," అందామె సిగ్గుపడుతూ.

"ఉండనీ. నువ్వు దాటు."