జనవరిలో ఆరున్నర

చిలకలగూడలోని ప్రైవేటు డిటెక్టివ్ బ్రహ్మచారి ఆఫీసుకు వచ్చిన షాగుఫ్తా కుర్చీలో కూర్చోలేదు. రెండు కాగితాలు బల్ల మీద పెట్టి నిలబడింది.

"నేనొక ముసలామెను చంపిన్నంట సార్. రేపటికల్లా తప్పొప్పుకొని సంతకం పెట్టాల్నంట. పెడితే నాకు ఇంకెక్కడా నౌకరీ దొరకది."

ఆమె సికింద్రాబాద్‌లో ఒక కాల్ సెంటర్ ఉద్యోగి. ఫిలడెల్ఫియాలోని ఓ పెద్ద ఆసుపత్రికి వచ్చే ఫోన్లు అక్కడ ఎత్తుతారు. ఆ నగరంలో ఫ్యాక్టరీలు చాలావరకు ఎప్పుడో మూతపడ్డాయి. ఇప్పుడు ఎక్కువమందికి కూడు పెట్టేవి ఆసుపత్రులు, యూనివర్సిటీలే. ఈ ఆసుపత్రి తన ఊళ్లో ఫోనెత్తే వాళ్లను తీసేసి, చవగ్గా దొరుకుతారని ఇక్కడి ఆడపిల్లలను పెట్టుకుంది.

జనవరి పన్నెండున ఛాతీ నొప్పని ఫోన్ చేసిన వృద్ధురాలి లైను మధ్యలో తెగింది. ఆమె చనిపోయింది. ఐదు నెలల తర్వాత, ఈ జూన్‌లో, ఎవరు కట్ చేశారని ఆసుపత్రి నిలదీసింది.

"నేను మాట్లాడుతుంటెనే తెగింది సార్. అల్లా కసం."

బ్రహ్మచారి కాగితాలు చదివాడు. ఒకటి ఆసుపత్రి ఉత్తరం: తమ గడియారం ప్రకారం ఉదయం 9:20కి లైను తెగిందని. రెండోది జనవరి పన్నెండు తేదీతో మేనేజర్ శాంతికుమార్ రాసిన రిపోర్టు: "సాయంత్రం 6:30కి షాగుఫ్తా డ్యూటీలో చేరింది. 6:50కి కాల్ కట్ చేసింది. అడిగితే ఒప్పుకుంది."

"యోగితా, పద," అన్నాడు అసిస్టెంటుతో.

కాల్ సెంటర్ గేటు దగ్గర క్యాబ్ డ్రైవర్ రాజేందర్ బండి అద్దం తుడుస్తున్నాడు.

"ఈ ఆఫీసోళ్లను ఎన్నింటికి ఎక్కించుకుంటవు?" అని బ్రహ్మచారి అడిగాడు.

"ఇప్పుడైతే ఐదున్నరకు బొల్లారంల షురూ. సలికాలమైతే గంట లేట్. ఆ దేశపోళ్లు నవంబర్ల గడియారం ఎనక్కి తిప్పుతరు, మార్చిల ముందుకు. నా కడుపు సుత వాళ్ల గడియారం సూసే ఆకలైతది సార్."

"మేనేజర్ కూడా నీ బండిలోనేనా?"

"ఆయనా! ఐదింటికే సొంత కార్ల పోతడు. మా మొఖాలు సుత ఎరుకలేవు."

యోగిత అంతా రాసుకుంది. బ్రహ్మచారి నవ్వాడు. ఎందుకో మాత్రం ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు నాలుగింటికి శాంతికుమార్, టీమ్ లీడర్ జెనిఫర్, రాజేందర్, షాగుఫ్తా ఒకే గదిలో ఉన్నారు. షాగుఫ్తా గోడకానుకొని నిలబడింది.

"ఆ పూట మీరు ఇక్కడున్నరా?" అని బ్రహ్మచారి మేనేజర్‌ను అడిగాడు.

"ఉన్నా. ఆరున్నరకు ఈమె వచ్చుడు, ఆరూ యాభైకి కట్ చేసుడు నా కళ్లతో చూసిన. అప్పుడే రాసి పెట్టిన."

"జెనిఫరమ్మా, జనవరిల మీ షిఫ్టు ఎప్పుడు షురూ అయితది?"

జెనిఫర్ తల వంచుకుంది. "ఏడున్నరకు సార్. ఆరున్నర ఎండాకాలం టైము."

బ్రహ్మచారి శాంతికుమార్ వైపు తిరిగాడు.

"వాళ్ల తొమ్మిదీ ఇరవై జనవరిల మనకు ఏడూ యాభై. జూన్‌ల ఆరూ యాభై. నువ్వు ఉత్తరం వచ్చినంక జూన్‌ల కూసొని, జూన్ లెక్కతో జనవరి కాగితం పుట్టించినవ్. ఆ బండెక్కేటోళ్లు ఎవ్వరు రాసినా ఈ తప్పు రాయరు. తన దగ్గర పనిచేసేటోళ్లు ఎప్పుడొస్తరో తెలువనోడే రాస్తడు."

జెనిఫర్ ఏడ్చేసింది. "నాలుగు నిమిషాలు దాటితే లైన్ దానంతటదే తెగేటట్టు సారే పెట్టించిండు. ఎక్కువ కాల్స్ రావాల్నని. నోరు తెరిస్తే తీసేస్తనన్నడు."

"కాంట్రాక్టు పోతే రెండొందల మంది రోడ్డున పడుతరు!" శాంతికుమార్ అరిచాడు. "ఒక్కతి పోతే ఏమైతది?"

"ఒక్కతి పోయింది గదరా, ఛాతీ పట్టుకొని!" అన్నాడు బ్రహ్మచారి.

తెల్లకాగితం అతని ముందుకు విసిరాడు. "ఆసుపత్రికి ఉత్తరం రాయి. నాలుగు నిమిషాల సంగతి రాయి. టైము నీకు తెలువది. ఈ బిడ్డనడిగి రాయి."

షాగుఫ్తా అప్పుడు కుర్చీ లాక్కుని, మేనేజర్‌కు ఎదురుగా కూర్చుంది.

"ఏడూ యాభై," అంది.