పదహారు బొమ్మల నడక

అశోక్‌నగర్‌లో చిక్కడపల్లి వైపు తిరిగే సందులో మనోరమ గారి డాబా ఇల్లు అంటే చాలు, కిరాయికి ఇల్లు వెతుక్కునేవాళ్ళు చెప్పులైనా విప్పకుండా వెనక్కి తిరిగేవాళ్ళు.

రాత్రి పది దాటాక ఆ డాబా మీద ఎవరో నడుస్తారట. ముందు చేతికర్ర టక్కుమంటుంది... తరవాత చెప్పు ఈడ్చిన చప్పుడు... మళ్ళీ కర్ర. ఆ చివరి దాకా పోయి ఆగుతుంది. కాసేపటికి మళ్ళీ మొదలవుతుంది.

ముందు వాటాలో దిగినవాళ్ళు ఏడాదిలో నలుగురు ఖాళీ చేశారు. మొదటాయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరరు. రెండో రాత్రికే పెట్టే బేడా సర్దుకున్నాడు. తరవాత వచ్చింది గ్రూప్స్ పరీక్షలకు చదివే ఇద్దరు స్నేహితులు. రేపో మాపో జిల్లాలు ఏలేస్తామన్నవాళ్ళు, పదహారు మెట్లెక్కి చూడలేక నిమ్మకాయలు కొనుక్కొచ్చి గుమ్మానికి కట్టారు. ఆఖరున ఒక ఇన్సూరెన్సు ఏజెంటు మాత్రం మెట్ల మీద నుంచి తొంగి చూశాడట. కోటు తొడుక్కున్న మనిషి — ముఖం లేదు — పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి, అని సందంతా చెప్పుకుని తిరిగాడు.

చీకట్లో ముఖమే కనబడనివాడికి పాదాలెట్ల కనబడ్డాయని అడిగినవాడు ఒక్కడే. ప్రహ్లాద్.

ప్రహ్లాద్‌ది నారాయణగూడలో అగ్గిపెట్టంత దుకాణం. రేడియోలు, టేప్‌రికార్డర్లు, పాత సినిమా మిషన్లు బాగుచేస్తాడు. పనిమంతుడే కానీ నోరు మంచిది కాదు. "కింద పడలేదన్నా, దానంతట అదే ఆగింది" అని ఎవడైనా అన్నాడో, వాడి ముందే మిషను విప్పి విరిగిన ముక్క వాడి అరచేతిలో పెట్టేవాడు. మిషన్లు అబద్ధమాడవు, మనుషులే ఆడతారు అన్నది అతని లెక్క. ఆ లెక్కతోనే నలభై ఐదేళ్ళు వచ్చేసరికి స్నేహితుడన్నవాడు ఒక్కడూ మిగల్లేదు. దానికీ అతనేమీ బాధపడలేదు.

తొంభై ఆరు చలికాలంలో మనోరమ గారు అతనికి కబురు పెట్టారు.

ఆవిడకు డెబ్బై ఏళ్ళు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో భర్త ఉద్యోగంతో కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో గోడ మీద సినిమా వేసుకునే చిన్న మిషను ఒకటి ఉంది. ఉన్నది ఒక్కటే రీలు. అరవై రెండులో ఆవిడ మరిది ట్యాంక్‌బండ్ మీద తీసింది. మాటల్లేవు, పాటల్లేవు. భర్త సూర్యప్రకాశరావు గారు కోటు వేసుకుని, చేతికర్రతో నడిచొస్తారు. ఆగుతారు. కర్ర ఎత్తి నవ్వుతారు. అంతే.

"ఆయన పోయి పదకొండేళ్ళు బాబూ. రోజూ సాయంత్రం వేసుకుని చూసేదాన్ని. కిందటేడు నుంచి ఈ మిషను పరుగందుకుంది. తద్దినం నాడు వేస్తే ఆయన కోతిలా గెంతారు. చుట్టాలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పట్నుంచీ నేను మళ్ళీ వెయ్యలేదు. రేపు మళ్ళీ తద్దినం, వాళ్ళే వస్తారు. ఆయన నడక ఆయనకు తెచ్చిపెట్టు. నేనడిగేది అంతే."

"నడకలు నాకు తెల్వదమ్మా. మిషన్ బాగుచేసుడు తెలుసు. రాత్రి వస్త. జల్ది అయ్యే పని గాదిది. పది దాటినంకనే కరెంటు నిలకడగ ఉంటది, స్పీడు అప్పుడే పెట్టాలె."

ఆ రాత్రి సందు మొదట్లో ఇస్త్రీ బండి దాసయ్య బొగ్గులార్పుకుంటున్నాడు. ప్రహ్లాద్ చేతిలో పనిముట్ల సంచీ చూసి దగ్గరికొచ్చి గుసగుసలాడాడు.

"అన్నా... ఆ ఇంట్ల ఎక్కువసేపు ఉండకు. పైన అయ్య తిరుగుతుండు."

"తిరగనీయ్. కర్ర పట్టుకొని కాళ్ళీడ్చెటోడు నన్ను ఉరికి పట్టుకుంటడా?"

దాసయ్య లెంపలు వేసుకున్నాడు. ప్రహ్లాద్ ఛీ అనుకుంటూ ముందుకు నడిచాడు.

ఖాళీగా ఉన్న ముందు వాటాలో మిషను పెట్టించారు మనోరమ గారు. తెల్లగోడ ఉన్న గది అదొక్కటే. "పనయ్యాక పిలువు, వెనక వాటాలో ఉంటాను" అని వెళ్ళిపోయారు.

విప్పి చూస్తే అతనికి నవ్వొచ్చింది. లోపల గ్రీజు బెల్లం పాకంలా గడ్డకట్టింది. వేగం పెంచి తగ్గించే నాబ్ ఎప్పుడో పూర్తిగా పెంచిన చోటే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఎన్నేళ్ళయిందో దేవుడికే తెలియాలి. ఒక్కరూ తిప్పి చూసిన పాపాన పోలేదు. కిరసనాయిలుతో కడిగి, నాబ్ వదులు చేసి, కుట్టుమిషన్ నూనె చుక్కలు వేసి, కొత్త రబ్బరు బెల్టు తగిలించాడు.

ఇక వేగం పెట్టాలి. ఆ కాలపు ఇంటి సినిమాకు సెకనుకు పదహారు బొమ్మలు. దానికి ప్రహ్లాద్ గడియారం చూడడు. ట్యూబ్‌లైటు మన కంటికి తెలియకుండా సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతుంది. ఆ వెలుగులో, బొమ్మకీ బొమ్మకీ మధ్య దీపాన్ని మూసే మిషను రెక్కలు తిప్పుతూ పోతే... సరైన వేగం దగ్గర గిర్రున తిరిగే రెక్కలు కదలకుండా ఆగినట్టు కనిపిస్తాయి. అతను నాబ్ వెంట్రుకవాసి చొప్పున తగ్గించాడు. రెక్కలు వణికాయి... నెమ్మదించాయి... నిలబడ్డాయి.

లైటార్పి రీలు ఎక్కించాడు. గోడ మీద సూర్యప్రకాశరావు గారు వచ్చారు. కర్ర షోకుకు పట్టుకున్నదే గాని దాంతో ఆయనకు పనిలేదు. ఎవరికో బాకీ ఉన్నట్టు చకచకా నడుస్తున్నారు. గెంతడం లేదు. ఈడ్వడం లేదు. మామూలు మనిషి, పనున్న మనిషి.

"గంతే. ఇంత దానికి ఏడాది ఏడ్సిండ్రు," అనుకున్నాడు ప్రహ్లాద్.

అప్పుడు... పైన.

టక్... చర్ర్... టక్.

అతని చెయ్యి ఆగింది. మిషను మాత్రం తిరుగుతూనే ఉంది.

టక్... చర్ర్... టక్... సరిగ్గా నెత్తి మీద. సున్నం రజను రాలి మిషను వెలుగులో మెరిసింది.

పిల్లి, అనుకున్నాడు. కర్ర పట్టిన పిల్లి ఉండదని అతనికీ తెలుసు. ఇస్త్రీవాడి ముందు కోసిన కోతలన్నీ గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. కాళ్ళు తలుపు వైపు లాగుతున్నాయి... కళ్ళు గోడ మీదే ఉన్నాయి.

గోడ మీద నడక వేరు, పైన నడక వేరు. రెండూ కలవడం లేదు. ఎంత భయంలో ఉన్నా ఆ తేడా అతను భరించలేకపోయాడు. పాడలవాటు! చెయ్యి దానంతట అదే నాబ్ మీదికి పోయింది. తగ్గించాడు... ఇంకా తగ్గించాడు... గోడ మీద మనిషి బరువుగా, తాపీగా, కాలీడుస్తున్నట్టు అయిపోయాడు.

టక్... గోడ మీద కర్ర నేలకు తగిలింది. పైనా తగిలింది.

ప్రహ్లాద్ లెక్కపెట్టాడు. గోడ మీది మనిషి ముప్పై ఒక్క అడుగులు వేసి ఆగాడు. పైన కూడా, కొంచెం వెనగ్గా, ముప్పై ఒక్క అడుగుల దగ్గరే ఆగింది. రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ ముప్పై ఒకటి.

దెయ్యానికి ఈ లెక్క ఎవరు నేర్పారు?

స్క్రూడ్రైవరు పట్టుకుని మెట్లెక్కాడు. పెద్ద ఆయుధమే. పై మెట్టు మీద నిలబడి టార్చి వేశాడు.

పొడుగాటి నల్లకోటు. తలకు మఫ్లరు. కాళ్ళకు రెండింతలున్న మగవాళ్ళ తోలుచెప్పులు. ఆ మనిషి గిరుక్కున తిరిగింది...

మనోరమ గారు.

ఆవిడ కర్ర కిందికి దించారు.

"మిషను పాడయ్యాక... మర్చిపోతానేమోనని భయం వేసింది బాబూ. ముఖం ఫోటోలో ఉంది. నడక ఎక్కడుంది? అందుకని రోజూ ఓసారి నేనే నడుస్తాను. ఇవాళ మాత్రం ఎలా మానను?"

"మీ వల్ల నలుగురు ఇల్లు ఖాళీ చేసిండ్రమ్మా!"

"పిరికి వెధవలు. పోతే పోయారు," అన్నారావిడ. ఆ మాట ప్రహ్లాద్‌కు నచ్చింది. ఒక్క క్షణం ఆవిడ తన మనిషనిపించింది.

కిందికి తీసుకొచ్చాడు. ట్యూబ్‌లైటు వేసి, రెక్కలు నిలిచే దాకా వేగం పెంచి, లైటార్పి గోడ చూపించాడు. సూర్యప్రకాశరావు గారు చకచకా వచ్చారు.

మనోరమ గారి ముఖం ముడుచుకుపోయింది. "ఈయన కాదు."

"ఈయననే అమ్మా. వినుండ్రి. మీ నాబ్ ఎప్పుడో ఫుల్లు మీద జామైంది. పోయినేడు దాకా సాయంత్రం పూట ఈ సందుల కరెంటు సగం గూడ రాకుండె, అందుకే మిషన్ ఈడ్చుకుంట నడిచింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టంగనే ఉరికింది. రెండూ తప్పే. గిది సరైన స్పీడు. పదేండ్లు మీరు చూసింది సార్‌ను గాదు. లో వోల్టేజిని చూసి కండ్ల నీళ్ళు పెట్టుకున్నరు."

ఇంత క్రూరంగా చెప్పక్కర్లేదు. కానీ సరైన మాట దొరికితే ఎదుటివాడికి ఎక్కడ తగులుతుందో ప్రహ్లాద్ ఎన్నడూ చూసుకోలేదు.

మనోరమ గారు అతన్ని పైనుంచి కిందికి చూశారు. "నలభై ఏళ్ళు కాపురం చేసింది నేనా, నీ ట్యూబ్‌లైటా?"

అతను నాబ్ మీంచి చెయ్యి తీశాడు.

"తగ్గించు. రేపు ఆయన ఆయనలా నడవాలి."

వాదించి లాభం లేదు. వేగం తప్పిన మిషనును బల్ల దాటనివ్వని ప్రహ్లాద్, పళ్ళు కొరుక్కుంటూ నాబ్ తగ్గించాడు. గోడ మీది మనిషి బరువెక్కాడు, కాలీడ్చాడు. మనోరమ గారి ముఖం విప్పారింది. కోటు ఆవిడ ఒంటి మీదే ఉంది. కర్ర ఆవిడ చేతిలోనే ఉంది.

అప్పుడు... పైన.

టక్ — టక్ — టక్.

చెప్పు ఈడ్వడం లేదు. చకచకా, ఎవరో పని మీద పోతున్నట్టు. ఆ వేగం ప్రహ్లాద్‌కు తెలుసు. ఇందాక ట్యూబ్‌లైటు కింద తనే నిలబెట్టిన వేగం. వద్దనుకున్నా లోపల లెక్క నడుస్తూనే ఉంది... ఇరవై తొమ్మిది... ముప్పై... ముప్పై ఒకటి.

ఆగింది.

మనోరమ గారు విసుగ్గా తలెత్తి కప్పు వైపు చూశారు.

"ఎవడు బాబూ, ఈ వేళప్పుడు మన డాబా ఎక్కింది? గట్టిగా ఓ కేకెయ్యి, పోతాడు."