బంకు దగ్గర తట్టిన చెయ్యి

పూండి దాటి ఊత్తుకోట పోయే దోవలో మూసేసిన పెట్రోలు బంకు ఒకటి వుండాది. ముందర విశాలంగా జాగా. అయినా లారీ వాళ్లెవరూ రాత్రిపూట ఆడ బండి ఆపరు.

ఆపితే... ఎడమ పక్క తలుపు ఎవరో తడతారంట. తీసి చూస్తే ఎవరూ వుండరంట. తీసినోడు మాత్రం ఆంధ్రా సరిహద్దులో వుండే ఎలవూరు చెక్‌పోస్టు దాటడంట.

మా ఏకాంబరం మామది తిరుత్తణి. లారీ ఆయన సొంతం. పోయిన ఆడి నెలలో — అరవోళ్ల ఆషాఢం — ఆయనకు జరిగింది ఇది. ఆయన చెప్పినట్టే చెప్తాను.

కోయంబత్తూరులో మోటార్లు ఎక్కించుకొని కటక్‌కు బయల్దేరినాడు మామ. దూరం లోడంటే ఆయన ముందే అన్నీ చూసుకుంటాడు — బరువు మించకుండా తూకం, పర్మిట్టు, ఏ రోడ్డులో పెద్ద బండ్లను వదులుతారు, యాడ పడుకోవాల. ఇద్దరు డ్రైవర్లు లేకుండా కదలడు. ఈసారి మామూలుగా వచ్చేవాడికి జ్వరం. బదులుకి గుణ అని కొత్తోడు వచ్చినాడు. పూండి పక్క పల్లెవాడు. మాట తక్కువ.

ఆ పొద్దు ఆడి ఆదివారం. ఊత్తుకోట దాటినాక వచ్చే పెరియపాళయం అమ్మవారి గుడి దగ్గర జాతర జనం. తెల్లారేదాకా పెద్ద బండ్లను వదలరని మామకు తెలుసు. అందుకని ఊత్తుకోటకు ముందే ఆపి, తెల్లారినాక పోదామని అనుకున్నాడు.

పూండి దాటినారో లేదో, గుణ ఫోను చూపించినాడు. "అన్నా, ఈ పల్లె దోవన పోతే ఆపే పనే లేదు. నేరుగా హైవేకి పోవచ్చు."

"అది చెరువు కట్ట మీద దోవప్పా. మన బరువుకు కట్ట తెగుతాది. పెద్ద బండ్లు పోగూడదని బోర్డే వుండాది. ఫోనుకేం తెలుసు?"

"అయితే వెనక్కి తిరిగి తిరువళ్లూరులో ఆపుదామన్నా. ఆ బంకు దగ్గర మాత్రం వద్దు."

మామ వాడి మొహం చూసినాడు. చెమట పట్టి వుండాది.

వెనకాల మోటార్లు. వాటిల్లో రాగి. వీడు ఈ పక్క వాడు... మనుషులు లేని కట్ట దోవలోకి ఎందుకు లాగతా వుండాడు? ముందర ఎవరైనా కాచుకోని వుండారా?

మామ ఇంకేం అడగలేదు. తిన్నగా తీసకపోయి ఆ బంకులోనే నిలిపినాడు. దెయ్యం కన్నా దొంగోడే భయం ఆయనకు.

రెండు తలుపులూ బిగించి, ఇనుప రాడ్డు తలకింద పెట్టుకొని పడుకున్నాడు. కన్ను మూసినాడే గానీ చెవి మూయలేదు.

ఎప్పుడు నిద్ర పట్టిందో...

టక్.

లేచినాడు.

టక్... టక్.

ఎడమ తలుపు. కింద నుంచి వస్తా వుండాది సద్దు. ఎవరో కూర్చోని తట్టినట్టు.

గుణ పడుకోలేదు. ఆ తలుపుకు ఆనుకొని కూర్చోని వుండాడు. చెయ్యి గొళ్లెం మీద.

"ఏం చేస్తా వుండావురా?" మామ రాడ్డు మీద చెయ్యి వేసినాడు.

"పట్టుకోని వుండానన్నా. తీయకుండా."

"ఎవరు వాళ్లు? నీ వాళ్లేనా?"

గుణ తల ఆడించినాడు — అవునన్నట్టా, కాదన్నట్టా, తెలీలేదు.

"మా నాయనా లారీ డ్రైవరే అన్నా..." గుసగుసగా చెప్పినాడు. "ఈడనే దిగి రోడ్డు దాటతా వుంటే ఏదో బండి కొట్టేసి పోయింది. అప్పుడు ఈ బంకు నిండా లారీలే. దేక్కుంటా వచ్చి ఒక్కొక్క తలుపూ తట్టినాడు. దొంగలేమో అని ఒక్కరూ తీయలేదు. తెల్లారి చూస్తే... చక్రం పక్కన..."

టక్.

 మామకు నమ్మకం కుదరలేదు. కథ అల్లి నన్ను కట్టేస్తా వుండాడా? వీడి మనుషులు వెనకాల లోడు తాడు కోస్తా వుండారా?

రాడ్డు తీసుకున్నాడు. కుడి తలుపు తీసి దిగినాడు. టార్చి వేసుకొని బండి ముందర నుంచి చుట్టి వచ్చినాడు.

ఎడమ తలుపు దగ్గర ఎవరూ లేరు.

"అయ్యా..."

రాడ్డు ఎత్తినాడు. వెనక చక్రం పక్కన నిలబడి వుండాది ఒక ఆడమనిషి. చీర చినిగి వుండాది. మోకాలి నుంచి రక్తం.

"కొట్టొద్దయ్యా. గుడికి పోయి వస్తా వుంటిమి. గొడ్డు అడ్డమొచ్చి మా మోటారు సైకిలు ఆ పక్క కాలవలో పడింది. మా ఇంటాయన దాని కింద వుండాడు..."

మామ కంటే ముందు గుణ ఆ ఎడమ తలుపు తీసి దూకినాడు. ఇద్దరూ కలిసి బండి ఎత్తినారు. ఆయనకు ఊపిరి వుండాది. గుణ తన చొక్కా విప్పి గాయానికి అదిమి పట్టుకున్నాడు. మామ 108కి ఫోను చేసినాడు.

ఆమె పేరు జనని. మొగుడు విఘ్నేష్. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని వ్యాను వాళ్లే చెప్పినారు.

స్ట్రెచరు ఎక్కిస్తా వుంటే మామ అడిగినాడు. "అంతసేపు తలుపు తట్టినావే తల్లీ. ఒక్క మాట పిలిచి వుంటే ఎప్పుడో దిగేవాళ్లం గదా?"

జనని ఆయన మొహం చూసింది.

"నేను తట్టలేదయ్యా. ఆ చీకట్లో ఈడ లారీ వుండేదే నాకు తెలీదు. సద్దు వినపడితే దాని వెంబడే వచ్చినా." తిరిగి లారీ పక్క చూసింది. "తలుపు కింద కూర్చోని తడతా వుండినాడే, ఖాకీ చొక్కా పెద్దాయన... మీరు దిగతానే పక్కకు జరిగి నాకు దోవ ఇచ్చినాడు. మీతో వచ్చినాయన కాదా?"

వ్యాను వెళ్లిపోయింది.

మామ గుణ పక్కకు తిరిగి చూడలేకపోయినాడు. వాడి గొంతు వినపడింది — మామతో కాదు, ఆ ఎడమ తలుపు పక్క తిరిగి.

"తీసినాం నాయనా."