పల్సు వెడల్పు

సెలవు రోజు కావడంతో ఫ్యాక్టరీలో పిల్లపురుగు కూడా లేదు. కిటికీల్లేని టెస్టింగ్ గదిలో అక్కా తమ్ముడూ ఇద్దరే ఉన్నారు. బీరువా అంత ఉన్న ఆ ఇన్వర్టర్ డిజైన్ అక్కది. ఏడాదిగా ఆమెకు తిండీ నిద్రా అదే. అందుకే వైరింగ్ చేసే తమ్ముడు దాన్ని "బావగారు" అనేవాడు. ఆమె పైకి కసురుకునేది, లోపల మురిసిపోయేది.

బావగారి స్వభావం తేలికే. ట్రాన్సిస్టర్లు జంటలుగా ఉంటాయి, పైదొకటి, కిందదొకటి. పైది తెరుచుకుంటే కిందది మూసుకోవాలి. రెండూ ఒకేసారి తెరుచుకున్నాయా, పేలిపోతాయి. ఒక్కోటి ఎంతసేపు తెరిచి ఉంటుందో అదే పల్సు వెడల్పు. దాన్ని పెంచే, తగ్గించే నాబ్ ఆమె బల్ల మీద ఉంది.

స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. అది దిగేదాకా లోపల చెయ్యి పెట్టకూడదు. ఆ సంగతి ఆమె అందరికీ నూరిపోసింది. కానీ మర్నాడే కొనేవాళ్లు వస్తున్నారన్న కంగారులో స్విచ్ ఆపీ ఆపగానే, కానియ్యమంది తమ్ముడితో.

వాడు లోపల చెయ్యి పెట్టగానే చిటుక్కుమంది. తమ్ముడు వెనక్కి తూలాడు. కాలిన వాసన వచ్చింది.

ఏం కాలేదంటూ వాడు నవ్వాడు. ఆమె మాత్రం తనను తానే తిట్టుకుంటూ వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నాడి పట్టుకుంది.

అప్పుడు వినపడింది, ఇన్వర్టర్‌లోంచి... ఊం... ఊం...

స్విచ్ ఆపే ఉంది. ఆమె వెళ్లి నాబ్‌ను ఇన్వర్టర్‌కు కలిపే కంట్రోల్ కేబుల్ కూడా పీకేసింది. మోత ఆగలేదు. పల్సులను గీతగా చూపించే ఆసిలోస్కోపు తెర మీద పచ్చగీత నింపాదిగా లేస్తోంది, పడుతోంది. ఆమె మళ్లీ తమ్ముడి మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టినప్పుడల్లా గీత లేస్తోంది.

"అక్కా, చలేస్తోంది."

తెర మీద పల్సులు సన్నబడుతున్నాయి. వాడి పెదాలు నల్లబడుతున్నాయి. ఏం చెయ్యాలో తోచక ఆమె నాబ్ తిప్పింది. దానికి ఏ తీగా తగిలించి లేదు. అయినా పల్సులు వెడల్పయ్యాయి. వాడి ముఖంలోకి రక్తం వచ్చింది.

ఆమెకు నమ్మకం కుదరలేదు. వెంట్రుకవాసి తగ్గించి చూసింది. వాడి తల వాలిపోయింది. చచ్చినంత భయంతో మళ్లీ పెంచింది.

అప్పుడు కనపడింది, అడుగున రెండో గీత.

పై గీత లేస్తే అది పడుతోంది. పైది వెడల్పయితే అది ఇరుకవుతోంది. తను గీసిన డిజైన్ ప్రకారమే. పైది తమ్ముడిది. మరి ఇది? తన మణికట్టు పట్టుకు చూసుకుంది. కలవలేదు.

ఎవరూ లేని ఇన్వర్టర్ అద్దం తలుపుకు లోపలి వైపు నుంచి ఆవిరి పట్టింది. చెరిగింది. మళ్లీ పట్టింది... రెండో గీత లేచినప్పుడల్లా.

"అక్కా, ఎవరున్నారక్కా లోపల?" తమ్ముడు గుసగుసలాడాడు.

ఆమె నాబ్‌ను రెండు చేతులా బిగించి పట్టుకుంది. అది ఆమె వేళ్ల మధ్య... మెల్లగా... వెనక్కి తిరుగుతోంది.