ఫోల్కె మెడలో మేకులు

మార్చి మొదటి ఆదివారం మధ్యాహ్నం రెండూ నలభైకి, స్టాక్‌హోమ్‌లో పోల్‌సుండ్ కాలువ మీద ఐసు విరిగి టూవా నీళ్లలో పడింది. ఫోల్కె ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ మధ్య పది మీటర్లు.

అంతకు రెండు నిమిషాల ముందు వాళ్లు వాదించుకుంటున్నారు.

టూవాది లూలెయో, దేశానికి ఉత్తరం కొస. ఫోల్కెది మాల్మో, దక్షిణం కొస. రెండేళ్ల ప్రేమ, చాలావరకు ఫోన్లోనే. ఇద్దరికీ దారి మధ్యలో పడుతుందని స్టాక్‌హోమ్‌లో మూడు రోజులు గడపాలనుకున్నారు. బస్సెక్కకుండా ఊరంతా నడిచే చూడాలని టూవా షరతు పెట్టింది. ఆదివారం సాయంత్రం ఆరూ పదికి ఆమె రైలు, ఆరున్నరకు అతని రైలు.

ఫోల్కె ఒక్క మాట అడగాలని వచ్చాడు. మీ ఊరొచ్చి నీతో ఉండనా? మూడు రోజులైనా ఇంకా అడగలేదు.

మొదటి రోజే అతను ఐసు మేకులు కొన్నాడు. చెక్క పిడులున్న రెండు మేకులు, తాడుతో మెడలో వేసుకునేవి. నీళ్లలో పడితే వాటిని ఐసులో గుచ్చి పైకి పాకాలి.

"ఆవు మెడలో గంటలా ఉంది," అంది టూవా. "వీధుల్లో నడవడానికి కూడానా?"

"చుట్టూ నీళ్లున్న ఊరు కదా."

"అయితే ఒక పడవ కూడా కొనేయ్ బాబూ, వీపున మోసుకెళ్దాం."

మూడో రోజు కాలువ దగ్గరికి వచ్చేసరికి వంతెన కాస్త దూరంగా కనిపించింది. ఐసు మీద ఎవరో జారుతూ వెళ్లిన స్కీ గీతలున్నాయి. టూవా గట్టు దిగింది.

"వంతెన మీంచి పోదాం," అన్నాడు ఫోల్కె.

"చుట్టు తిరగాలి. ఇటైతే నాలుగు అడుగులు."

"ఆ గీతలు ఎప్పటివో ఏమో."

"మా ఊళ్లో సముద్రం మీద కార్లు తిరుగుతాయి. నేను డ్రైవింగ్ నేర్చుకుంది ఐసు మీదే."

"ఇది మీ ఊరు కాదు టూవా."

"ఐసు ఎక్కడైనా ఐసే. నువ్వక్కడే ఉండి నా ఫోటో తియ్యి, పిరికోడా."

అతను ఫోన్ పైకెత్తాడు. పాత తలుపు కిర్రుమన్నట్టు చప్పుడైంది. ఫోన్ తెరలో ఆమె కనిపించలేదు.

తల పైకొచ్చింది. "కదలకు!" అని అరిచింది.

ఐసులోంచి ఎలా బయటపడాలో ఆమెకు తెలుసు. నాలుగో తరగతిలో పిల్లలందరినీ బట్టలతో సహా నీళ్లలో దింపి నేర్పించారు. తను నడిచొచ్చిన వైపుకే తిరిగింది, అంతవరకు తనను మోసిన ఐసు అదే కాబట్టి. మోచేతులు ఆనించింది. అంచు విరిగింది. మళ్లీ ఆనించింది. అరచేతులు జారాయి. ఆమె మేకులు లూలెయోలో ఇంటి తలుపు వెనక వేలాడుతున్నాయి.

"ఫోల్కె, పడుకో. పొట్ట మీద పాకుతూ రా."

ఫోల్కె ముప్పై ఏళ్లలో ఎప్పుడూ ఐసు మీద కాలు పెట్టలేదు. పడుకున్నాడు. చెవి కింద నీళ్లు కదులుతున్న చప్పుడు వినిపించింది. మోచేతులతో ముందుకు పాకాడు.

"మాట్లాడుతూ ఉండు," అన్నాడు.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా."

"నీ టోపీ దరిద్రంగా ఉంది."

"నువ్వు కొన్నదే."

"అక్కడ ఆగు! ఇంక రావద్దు. మేకులు విసురు."

మఫ్లరు కొసకు మేకుల తాడు కట్టి విసిరాడు. జానెడు దూరంలో ఆగిపోయాయి. లాగి మళ్లీ విసిరాడు. ఆమె చెయ్యి వాటి మీద పడింది.

"వేళ్లు వంగట్లేదు," అంది టూవా. ఆ గొంతులో భయం అతను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"టూవా! నేను లూలెయో వచ్చేస్తా. నీతోనే ఉంటా. సరేనా?"

"ఇప్పుడా అడిగేది!"

"మూడు రోజుల్నుంచీ అడగాలనే ఉంది."

"ముందు నన్ను బయటికి రానివ్వరా బాబూ!"

రెండు చేతులతో మేకులు గుచ్చింది. కాళ్లు కొట్టింది. నడుము దాకా వచ్చింది, ఆగింది, మళ్లీ గుచ్చింది. అతను మఫ్లరు లాగుతూ వెనక్కి పాకాడు. ఒడ్డు చేరేదాకా ఇద్దరూ లేవలేదు.

గట్టు మీద పడవకు రంగు వేసుకుంటున్న గున్‌వోర్ అనే పెద్దావిడ అంబులెన్సుకు ఫోన్ చేసి, నిచ్చెన ఈడ్చుకుంటూ వచ్చింది. ఇద్దరినీ పడవల క్లబ్బు గదిలోకి తీసుకెళ్లి, టూవా తడి బట్టలు విప్పించి, మూడు కంబళ్లు చుట్టి, వేడి బ్లూబెర్రీ సూప్ చేతికిచ్చింది.

"ఏ ఊరమ్మాయ్?"

"లూలెయో."

"అదీ సంగతి. ఇక్కడ పడేది మీ ఉత్తరం వాళ్లే. కింద నీళ్లు పారుతుంటాయి, అడుగునుంచి ఐసును తినేస్తాయి. మాకు భయం, మేం దిగం. మరి ఈ అబ్బాయిది?"

"మాల్మో," అన్నాడు ఫోల్కె.

"మాల్మో వాడు ఐసు మీద పాకాడా!" గున్‌వోర్ అతనికి ఇంకో గరిటె ఎక్కువ పోసింది.

ఆవిడ అంబులెన్సుకు దారి చూపించడానికి బయటికెళ్లింది. టూవా పళ్లు టకటకమంటున్నాయి.

"మరి నీ ఉద్యోగం?"

"మీ ఊరి బడిలో లెక్కల మాస్టారు కావాలట. నన్ను తీసుకుంటామన్నారు. శుక్రవారంలోగా చెప్పాలి."

"ఎప్పుడడిగావు?"

"జనవరిలో."

"జనవరి నుంచి దాచావా! ఎందుకూ?"

"భయం వేసింది. వద్దంటావేమోనని."

"ఐసు కంటే భయమా?"

"ఐసు కంటే."

టూవా సూప్ తాగింది. కప్పు పక్కన పెట్టింది. కంబళిలోంచి చెయ్యి చాపింది.

"ఆ మేకులు ఇటివ్వు. ఇక అవి నావి. నీకు అక్కడ కొత్తవి కొనిపెడతా."

అంబులెన్సు వాళ్లు వచ్చి ఆమె ఒంటి వేడి చూశారు. ముప్పై అయిదున్నర డిగ్రీలు, ఉండాల్సిన దానికంటే తక్కువ. గంటలో ముప్పై ఆరున్నరకు వచ్చింది. ఆస్పత్రి అక్కర్లేదన్నారు. నాలుగున్నరకు ఫోల్కె తన బడి హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, సోమవారం రాలేనని చెప్పాడు.

ఆరూ పదికి ఉత్తరం రైలు ఇద్దరినీ ఎక్కించుకుని కదిలింది. ఆరున్నరకు మాల్మో రైలు కదిలింది. దాని అయిదో పెట్టెలో, ఫోల్కె పేరున ఉన్న కిటికీ సీటు ఖాళీగా వెళ్లింది.